వీధిలోంచి కనబడే తాళంచెవి

శుద్ధ పాడ్యమి

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. నాకు ముందు సాక్షిగా కూర్చున్నవాళ్ళందరూ నెల పొడుగునా "విశేషం లేదు" అని రాసి, కింద సంతకం గీకి వెళ్ళిపోయారు. ఒకాయన మాత్రం ఒకరోజు "వంకాయ కూర బాగుంది" అని రాశాడు. అది చదివాక నాకు కాస్త ఉత్సాహం వచ్చింది. అణుబాంబుల కాపలా పుస్తకంలో వంకాయ కూరకి చోటున్నప్పుడు నా మాటలకి లేకపోతుందా?

నా పేరు పెచ్చెట్టి సింహాద్రి. మాది పిట్టలంక. నాకు చదువు ఎవరూ చెప్పలేదు. సముద్రానికి అడ్డంగా గట్టు కట్టిన రోజుల్లో కూలికి పోయి, సిమెంటు బస్తాల మీది అక్షరాలు కూడబలుక్కున్నాను. తర్వాత పాత పేపర్ల మీదకి ఎక్కాను. అందుకే నా మాట త్వరగా గట్టిపడిపోతుందని మా ఆవిడ అనేది.

ఈ నెల తాళంచెవి వంతు గరువులంకది. గరువులంకలో గుత్తుల వరహాలమ్మ గారి ఇంటిది. ఆవిడ ఇక్కడి లాకు సూపరింటెండెంటు. పోటు వేళ తలుపులు దించి సముద్రాన్ని బయట ఉంచడం, పాటు వేళ తలుపులెత్తి లోపలి నీటిని బయటకి పంపడం ఆవిడ ఉద్యోగం. యాభై దాటాయి, భర్త లేడు. కూతురు హేమ నీటి విమానం నడుపుతుంది.

తాళంచెవి దేనిదంటే, పక్కనున్న సరుగుడులంకలో ఒక గిడ్డంగి ఉంది. అందులో బాంబులున్నాయి. బాంబులు మెట్ట రాజ్యానివి. వాటిని మోసే విమానాలు, నడిపే పిల్లలు మా పది లంకలవాళ్ళు. తలుపుకి రెండు తాళాలు. ఒక చెవి మెట్ట అధికారి దగ్గర, రెండోది మా దగ్గర. రెండూ కలిస్తేనే తలుపు కదులుతుంది. ఆవలి ఒడ్డువాళ్ళు మా మీదకి రాకుండా ఇది కాపాడుతుందట. దీన్ని పైవాళ్ళు ఉమ్మడి రక్షణ అంటారు. మా వీధుల్లో మాత్రం ఆ బాంబుల్ని "చుట్టాలు" అంటారు. వెళ్ళే ఊసెత్తరు కనక.

మా చెవి ఎవరి దగ్గరుండాలని మావాళ్ళు ఏడాది పాటు దెబ్బలాడుకున్నారు. పంచాయతీ పెద్ద దగ్గరంటే నలుగురు నవ్వారు. సైన్యాధికారి దగ్గరంటే ఆయన భార్యే నవ్వింది. చివరికి కాలువ నీటికి పెట్టుకున్న పద్ధతే దీనికీ పెట్టుకున్నారు. వంతు. అమావాస్య నుంచి అమావాస్య దాకా ఒక లంక, అందులో ఒక ఇల్లు.

వంతున్న ఇంటికి కట్టుబాట్లున్నాయి. తాళంచెవి వీధి అరుగు మీద గుంజకి కొట్టిన మేకుకే వేలాడాలి. వీధిలోంచి కనబడాలి. వేరే లంక మనిషి ఒకడు సాక్షిగా ఆ అరుగు మీదే కూర్చోవాలి, ఆ ఇంట్లోనే తినాలి, రోజూ ఈ పుస్తకంలో రాయాలి. ఈ నెల ఆ సాక్షిని నేను. దారినపోయేవాళ్ళు ఎవరైనా "ఉందా?" అని అడిగితే ఇంటివాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పాలి.

ఇంత ప్రమాదకరమైన వస్తువుని బీరువాలో పెట్టుకోకుండా వీధిలో వేలాడదీయడమేమిటని మెట్ట ఇంజనీర్లు మొదట్లో నవ్వారట. బీరువాలో ఉన్నదాన్ని ఒక్కడు ఎత్తుకుపోగలడు. వీధిలో ఉన్నదాన్ని ఎత్తుకుపోవాలంటే వీధంతటినీ ఎత్తుకుపోవాలి. ఈ సంగతి కనిపెట్టినవాళ్ళు ఎవరో గానీ, వాళ్ళకి నా దండం.

ఇవాళ బీరకాయ కూర. ఫరవాలేదు.

తదియ

పొద్దున్నే అరుగు మీదకి మొదట వచ్చేది చేపల మంగాయమ్మ. బుట్ట దించకుండానే అడుగుతుంది.

"ఉందాండీ?"

"ఉందండి మంగాయమ్మ గారూ," అంటుంది లోపల్నుంచి వరహాలమ్మ గారు.

"ఉంటే మంచిదేనండి. గులివిందలున్నాయి, తీసుకుంటారా?"

మేకు మీద చెవి కళ్ళెదుటే వేలాడుతుంటే ఈ అడగడమెందుకని మంగాయమ్మని అడిగాను. నన్నొక వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది.

"కళ్ళతో చూసింది నాకు తెలుస్తాది. నోటితో చెప్పింది ఈధికి తెలుస్తాదండి. ఆమాత్రం తెలవదా మీకు? సాక్షి అంట!"

చేపలు తూచి వెళ్ళిపోయింది. నాకు సంతోషంగా ఉంది. ఈ వయసులో నన్నొకరు తిట్టి మరీ నేర్పడం ఈ మధ్య తగ్గిపోయింది.

ఆవలి ఒడ్డువాళ్ళ తూనీగలు, అంటే ఎగిరే కెమెరాలు, రోజూ గట్టు మీదుగా ఒక చక్కరు కొట్టి పోతాయి. ఒకటి ఇవాళ మా అరుగు ముందు ఆగి గుంజ వైపు చూసింది. నేను తువ్వాలు విసరబోయాను.

"ఉండనివ్వండి బాబాయ్ గారూ," అంది వరహాలమ్మ గారు. "అది మేకు మీదున్నంతసేపూ అక్కడ ఆళ్ళు గాభరా పడక్కర్లేదు. ఆళ్ళు గాభరా పడకపోతే మనం పడక్కర్లేదు."

మెట్ట రాజధానిలో దీని మీద పెద్ద పెద్ద పుస్తకాలు రాస్తారని విన్నాను. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ అనేసింది.

షష్ఠి

మెట్ట రాయబారి పాలడుగు విశ్వంభరం గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉంటారు. మర్యాదస్తుడు. చెప్పులు అరుగు కింద విడిచి, వాటిని మళ్ళీ వంగి సరిగ్గా జత చేసి పైకొచ్చారు. అలాంటి మనిషిని నేను ఊరికే అనుమానించలేను.

విషయం ఏమిటంటే, మెట్టలో ప్రభుత్వం మారింది. కొత్తవాళ్ళకి ఆవలి ఒడ్డుతో సముద్రం అడుగు హద్దుల మీద తగాదా ముదిరింది. బాంబుల్ని గిడ్డంగిలోంచి తీసి మా విమానాలకి బిగించి, ఆవలివాళ్ళకి కనబడేలా నిలబెట్టాలంటున్నారు.

"వాడడానికి కాదమ్మా. చూపించడానికే," అన్నారాయన. "అందుకని మీ చెవి కొద్దికాలం గిడ్డంగిలోనే ఉంచితే సౌకర్యంగా ఉంటుంది."

"వంతు ఒప్పుకోదండి."

"ఒప్పందంలో ఉంది కదమ్మా, అవసరమైతే సమయం చిక్కినంతలో మిమ్మల్ని సంప్రదించి నిర్ణయం తీసుకుంటామని."

"ఇప్పుడు చిక్కింది కదండి," అంది వరహాలమ్మ గారు. "టీ తాగుతున్నాం, మాట్లాడుకుంటున్నాం. ఇంత తీరిక దొరికినప్పుడు పది లంకల్నీ అడగడానికేం?"

ఆయన నవ్వేశారు. నవ్వగలిగిన రాయబారి మంచివాడే. కానీ వెళ్ళేముందు ఒక మాట అన్నారు. "మిగతా మిత్రరాజ్యాలన్నీ ఇచ్చేశాయమ్మా. ఉప్పురేవువాళ్ళు కూడా."

ఆయన వెళ్ళాక వరహాలమ్మ గారు చాలాసేపు మేకు వైపు చూస్తూ కూర్చుంది. ఆవిడ ఏం చూస్తున్నదో నాకు తెలుసు. ఆ తలుపు తెరిస్తే బాంబు బిగించేది హేమ విమానానికి. "చూపించడానికే" అన్న మాట తిరగబడిన రోజున దాన్ని మోసుకెళ్ళేది ఆవిడ కూతురు.

సప్తమి

మా తాతకీ ఆయన తోడల్లుడికీ కలిపి ఒక పడవ ఉండేది. ఒకరినొకరు నమ్మక గొలుసుకి రెండు తాళాలేసి చెరొక చెవి మొలకి కట్టుకున్నారు. తర్వాత ఏదో పెళ్ళిలో వడ్డన దగ్గర మాటామాటా వచ్చి మాటలు మానేశారు. ఇద్దరూ కలిస్తే గానీ పడవ కదలదు కనక అది రేవులోనే చివికి మట్టిలో కలిసిపోయింది. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నిన్న రాత్రి నిద్రపట్టక ఆ పడవ గురించే ఆలోచించాను. చేపల పడవ చివికిపోతే నష్టమే. గిడ్డంగిలో ఉన్న వస్తువుకి మాత్రం తుప్పు పట్టడమే తగిన బతుకు. దాన్ని కదలనివ్వని తగాదా ఎంత చిల్లరదైనా మంచి తగాదాయే. తాతని ఇన్నాళ్ళూ తక్కువ చేశాను.

నవమి

ఇవాళ విశ్వంభరం గారు మళ్ళీ వచ్చారు. ఈసారి వెనక వైపు నుంచి, పెరట్లోంచి. చెప్పులు విడిచారు గానీ జత చేయలేదు.

జేబులోంచి గుడ్డలో చుట్టినదొకటి తీసి చాప మీద పెట్టారు. అచ్చం మా తాళంచెవే. అదే రంగు, అదే బరువు, మూల మీద అదే గీత.

"ఇది మేకుకి వేలాడనివ్వండి. అసలుది నాకివ్వండి. మీ వీధికి లోటుండదు, మా పని ఆగదు, ఎవరికీ మాట పోదు. ఉప్పురేవులో ఇలాగే చేశాం."

"ఎవరైనా ఉందా అనడిగితే?"

"ఉందనే చెప్పండి. ఏదో ఒకటి ఉంటుంది కదమ్మా."

ఆయన గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పారు. గట్టు లోపలి నీటిని తోడే పంపులకి కరెంటు మెట్ట నుంచే వస్తుంది. తీగలకి మరమ్మతు బాకీ ఉంది. ఎప్పుడైనా ఆపాల్సి రావచ్చు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన నేల వైపే చూశారు. పై నుంచి వచ్చిన మాటని మోసుకొచ్చే మనిషి మొహం అలాగే ఉంటుంది.

రేపు వస్తానని వెళ్ళారు. ఆ దొంగ చెవిని చాప మీదే వదిలేశారు.

భోజనాల వేళకి హేమ వచ్చింది. అంతా విని, తల్లితో పోట్లాటకి దిగింది.

"ఇచ్చేయమ్మా. మనం నమ్మకపోతే ఆళ్ళెందుకు మనల్ని కాస్తారు? ఆళ్ళ బాంబుల గొడుగు తీసేస్తే ఆవలోళ్ళు వారం తిరక్కుండా గట్టు మీదుంటారు. రోజూ పైనుంచి చూసేదాన్ని, నాకు తెలుసు ఎంతమందున్నారో."

"నిన్నెక్కిస్తారు, తెలుసా?"

"అందుకేగా నేర్చుకున్నాను."

"అందుకా నేర్చుకున్నావు?" అంది తల్లి. అన్నం కలిపిన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

నా చిన్నతనంలో మా వీధిలో ఒక ఆసామి వర్షం వస్తే పిల్లల్ని తన గొడుగు కిందకి పిలిచేవాడు. వెళ్ళినవాడు ఆయన అడుగులో అడుగు వేయాలి. ఆయన మలుపు తిరిగితే తిరగాలి. ఆయన ఆగితే ఆగాలి. ఒక భుజం ఎలాగూ తడిసేది. అయినా ప్రతి వానకీ మేం వెళ్ళేవాళ్ళం. హేమ చెప్పినది అబద్ధం కాదు, అందుకే నేను మధ్యలో నోరు పెట్టలేదు. వంకాయ కూర మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మంచి కూర.

దశమి

రాసి తీరవలసిన రోజు ఇది.

పొద్దున్నే మంగాయమ్మ బుట్టతో వచ్చింది. మేకుకి చెవి ఉంది. అసలుదే, నేను రాత్రంతా దాని పక్కనే కూర్చున్నాను.

"ఉందాండీ?"

వరహాలమ్మ గారు చెయ్యి తుడుచుకుంటూ బయటకి వచ్చింది. గడప దాటి అరుగు చివర నిలబడింది. ఒక చేతిలో ఆ గుడ్డ మూట.

"ఉందండి. కానీ అడుగుతున్నారు."

మంగాయమ్మ బుట్ట దించింది. ఇన్ని రోజుల్లో నేను చూడగా ఆవిడ బుట్ట దించడం అదే మొదలు.

"ఎవరండీ?"

"మెట్టోళ్ళు. ఇది మేకుకి పెట్టి, అది ఇమ్మంటున్నారు." మూట విప్పి దొంగ చెవిని ఎత్తి చూపించింది. "ఇవ్వకపోతే పంపులకి కరెంటు ఆగుతాదంట. ఉప్పురేవోళ్ళు ఇచ్చేశారంట. నేనైతే ఇవ్వలేదు. ఇచ్చే హక్కూ నాకు లేదు. అడిగారు కాబట్టి చెబుతున్నాను."

అంతే. గొంతు పెంచలేదు. ఎవరినీ తిట్టలేదు. వీధి ప్రశ్న అడిగింది, ఆవిడ జవాబు చెప్పింది, కాకపోతే పూర్తిగా చెప్పింది. కట్టుబాటులో ఉన్నది అదే కదా, ఉన్నదున్నట్టు చెప్పమని. ఎన్నో ఏళ్ళుగా అందరూ "ఉంది" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకున్నారు. ఆ కట్టుబాటు ఎంత పెద్దదో ఆవిడ నోట విన్నాకే నాకు తెలిసింది.

మంగాయమ్మ ఆ పూట చేపలమ్మలేదు. ప్రతి ఇంటి ముందూ ఆగి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది. మధ్యాహ్నం కల్లా పడవలు మిగతా లంకలకి వెళ్ళాయి.

సాయంత్రం విశ్వంభరం గారు వీధిలోంచి వస్తుంటే జనం తప్పుకుని దారిచ్చారు. దొంగ చెవిని మళ్ళీ గుడ్డలో చుట్టి, వరహాలమ్మ గారు రెండు చేతులతో అందించింది.

"మీది మీరు తీసుకెళ్ళండి. ఇక్కడ మరిచిపోయారు."

"ఎంత పని చేశారమ్మా," అన్నారాయన. కోపంగా కాదు.

ద్వాదశి

కరెంటు పోయింది. తీగల మరమ్మతంట.

పంపులు ఆగిన నిశ్శబ్దం మొదటిసారి విన్నాను. గట్టు కట్టిన దగ్గర్నుంచీ ఆ హోరు ఆగలేదు. కుక్కలు కూడా లేచి అటూ ఇటూ చూశాయి.

గట్టు కింద నుంచి ఊట వస్తూనే ఉంటుంది, పంపులు తోడుతూనే ఉండాలి. వరహాలమ్మ గారు లాకు మీదే ఉంటోంది. పాటు తగిలీ తగలగానే తలుపులెత్తించి కొంత నీటిని పంపుతోంది. పోటు తిరగబోయే క్షణంలో దించుతోంది. కాస్త ఆలస్యమైతే సముద్రం లోపలికొస్తుంది. తొందరపడితే లోపలి నీరు మిగిలిపోతుంది. ఆవిడ తలుపు గొలుసు మీద చెయ్యి వేసి నీటి వైపు చూసే చూపు చూడాలి. పాలు పొంగే క్షణం కోసం పొయ్యి దగ్గర నిలబడే మనిషి చూపు అది.

అయినా చాలదు. పల్లపు పొలాల్లో నారుమళ్ళు మునుగుతున్నాయి.

పౌర్ణమి

పోటు బాగా ఎక్కే రోజు. పాత రోజుల్లో చేలకి నీళ్ళు తోడే గూడలు ఎవరింటి అటకల మీద ఉన్నాయో గానీ, అన్నీ దిగాయి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, తాళ్ళు కట్టిన గూడని ముంచి, ఊపి, గట్టు అవతలకి పోయడం. ఈ పని చేతనైనవాళ్ళు నా వయసువాళ్ళే. అందుచేత ఇవాళ గరువులంకలో ముసలివాళ్ళ రాజ్యం నడిచింది. పిల్లలు తప్పులు చేస్తే తిట్టాం. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇక్కడా వంతే. ఒక లంకవాళ్ళు తోడి అలిసిపోతే ఇంకో లంకవాళ్ళు పడవ దిగి తాళ్ళందుకున్నారు. ఎవరూ పిలవలేదు. హేమ యూనిఫారంతోనే వచ్చి, చొక్కా చేతులు మడిచి, నాకు ఎదురుగా నిలబడింది.

"తాతయ్యా, అంత గట్టిగా లాగకండి. మీరే నీళ్ళలో పడతారు."

"నువ్వు విమానాన్ని లాగినట్టు లాగుతున్నావు. గూడని ఊపాలి, లాక్కూడదు."

ఎండెక్కాక లాకు వంతెన మీద పది లంకల సభ జరిగింది. పల్లపు రైతు యాళ్ల బుల్లియ్య బురద కాళ్ళతో వచ్చి, వరహాలమ్మ గారి ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో కుళ్ళిన నారు కట్ట.

"చూడండమ్మా! చూడండి! మేకు మీద మీ చెవి చల్లగా ఉంది. నా నారు ఏవైందో చూడండి!"

ఆవిడ ఆ కట్ట అందుకుంది. "చూశాను బుల్లియ్య గారూ. నాదే తప్పంటారా?"

"ఎవరి తప్పో నాకెందుకండి? నా నారు పోయింది."

మూడు లంకలవాళ్ళు చెవి ఇచ్చేద్దామన్నారు. భయపడి కాదు, లెక్క చూసుకుని అన్నారు. మెట్ట అలిగితే ఈ గట్టు ఎవరు నిలబెడతారని అడిగారు. ఎవరో అరిచారు, "బుల్లియ్య కూడా ఇచ్చేద్దామంటున్నాడు, రాసుకోండి!"

బుల్లియ్య గిర్రున తిరిగాడు. "ఇచ్చెయ్యమని నేననలేదే! నా నారు పోయిందన్నాను. అంతే. పోయిందని చెప్పుకునే హక్కు కూడా లేదేంటండి నాకు?"

జనం గొల్లున నవ్వారు. బుల్లియ్య నవ్వలేదు. కానీ అక్కడినుంచి గాలి మారింది.

అప్పుడు హేమ లేచింది. బురద ఇంకా ఆరలేదు.

"నేను మొన్న ఇంట్లో ఇచ్చెయ్యమన్నాను. అమ్మ చెప్పలేదు గానీ నేనే చెబుతున్నాను. ఇప్పటికీ నాకు ఆవలోళ్ళంటే భయమేనండి. రేపు మీరందరూ కలిసి ఎగరమంటే ఎగురుతాను. కానీ పెరట్లోంచి తీసుకెళ్ళిన చెవితో నేనెగరను. నేను ఎగిరిన రోజున, కిందున్న మీరెవరూ 'మాకు తెలీదు' అనకూడదు."

వరహాలమ్మ గారు వంతెన కమ్మీ పట్టుకుని నీటి వైపు తిరిగింది. పోటు చూస్తోందేమో అనుకున్నారు అందరూ. నేను పక్కనే ఉన్నాను. పోటు చూడడం లేదు.

ఏడు లంకలు ఇవ్వొద్దన్నాయి. మూడు లంకలు ఆ మాటకి కట్టుబడ్డాయి. చుట్టాల్ని పొమ్మనాలా వద్దా అనేది ఎవరూ ఎత్తలేదు. మేం వీరులం కాము. గొడుగు కావాలి, దాని కర్ర మాత్రం ఒక్కడి చేతిలో ఉండకూడదు.

బహుళ తదియ

ఉప్పురేవు నుంచి వార్త. అది మాలాగే ఇంకో చిన్న మిత్రరాజ్యం. మా చేపల పడవలు అక్కడా ఆగుతాయి కదా, ఇక్కడి సంగతి వాటితోనే చేరింది. అక్కడి జనం వాళ్ళ మంత్రి ఇంటి ముందు గుమికూడి, "మన చెవి ఉందా?" అని అడిగారట. మంత్రి అద్దాల పెట్టెలో ఉన్నదాన్ని చూపించాడట. తీసుకెళ్ళి తాళానికి పెట్టి చూపించమన్నారట. ఆయన పెట్టలేకపోయాడు.

ఇవాళ అక్కడ ప్రభుత్వం లేదు. వచ్చేవాళ్ళు బాంబులు పట్టుకుపొమ్మంటున్నారు. కూటమి మొత్తం కదులుతోంది. దాపరికంతో ఒక్క చెవి సంపాదించి మెట్టవాళ్ళు ఒక మిత్రుణ్ణి పోగొట్టుకున్నారు. ఎదటివాడి భుజం మీద తుపాకి పెట్టుకునేవాడు ఆ భుజాన్ని అడగాలి. అడక్కపోతే అది ఎప్పుడు తప్పుకుంటుందో వాడికి తెలీదు.

ఈ వార్త వినగానే ఇక్కడ పండగ చేసుకుంటారనుకున్నాను. వరహాలమ్మ గారు మాత్రం, "పాపం ఉప్పురేవోళ్ళు," అని లాకు దగ్గరికి వెళ్ళిపోయింది. నీళ్ళు ఇంకా మోకాలి లోతున్నాయి.

పంచమి

విశ్వంభరం గారు వీధిలోంచి వచ్చారు. నీళ్ళలోనే నడిచి. ఒంటరిగా. అరుగు ఎక్కలేదు. కింద నిలబడ్డారు, నీరు మోకాళ్ళ దాకా ఉంది. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది.

నలుగురికీ వినబడేలా అడిగారు. "వరహాలమ్మ గారూ, మెట్ట ప్రభుత్వం తరఫున అడుగుతున్నాను. మీ తాళంచెవి మాకిస్తారా?"

"పది లంకలూ వద్దన్నాయండి. ఇవ్వం."

"సరేనమ్మా. మీరు ఇవ్వనన్నారని, అందరి ముందూ అడిగితే అందరి ముందూ చెప్పారని, ఇలాగే రాసి పంపుతాను. కరెంటు సంగతి కూడా నాకు తెలిసినంత రాస్తాను."

"మీకు మాట రాదాండీ పైనుంచి?"

"వస్తుందమ్మా," అన్నారాయన.

ఆవిడ లోపలికి వెళ్ళి టీ తెచ్చింది. ఆయన నీళ్ళలో నిలబడే తాగారు. ఎంత సేపటికీ చల్లారని టీ, ఎంతకీ కదలని వీధి. నా జీవితంలో చాలామంది పెద్దమనుషుల్ని చూశాను. అడగకూడని చోట అడిగి, తర్వాత అడగాల్సిన చోటికి నడిచొచ్చి మళ్ళీ అడిగినవాణ్ణి ఒక్కణ్ణే చూశాను.

మంగాయమ్మ మాత్రం నా చెవిలో, "టీలో పంచదార ఎక్కువేసింది. ఇట్టాటోళ్ళకి అంత మర్యాదెందుకో," అంది. మళ్ళీ ఆవిడే, ఆయన వెళ్ళేటప్పుడు చెయ్యందించి మెట్టు దగ్గర గుంట చూపించింది.

నవమి

కరెంటు వచ్చింది. మరమ్మతు పూర్తయిందట. ఉప్పురేవు చేజారాక ఇంకో మిత్రుణ్ణి పోగొట్టుకునే ధైర్యం మెట్టకి లేకపోయిందని హేమ అంటోంది. బాంబుల్ని విమానాలకి ఎక్కించే ఆలోచన ప్రస్తుతానికి మానుకున్నారట. సముద్రం అడుగు హద్దుల మీద ఆవలివాళ్ళతో కూర్చుని మాట్లాడతారట. ఎన్నాళ్ళు మాట్లాడతారో చూడాలి.

పల్లపు నారు సగానికి పైగా పోయింది. గరువు మెరక మీది రైతులు తలా కొంత నారు తీసి పంపారు. బుల్లియ్య వరహాలమ్మ గారి మడిలో నారు పీకుతూ, వేళ్ళు సన్నంగా ఉన్నాయని, ఇంత ఎరువు ఎవరేశారని, పొద్దుగూకేదాకా విసుక్కుంటూనే ఉన్నాడు. ఆవిడ పక్కనే కట్టలు కడుతూ "ఆయ్, మరేనండి" అంటూనే ఉంది.

హేమకి పై శిక్షణకని మెట్ట కేంద్రం నుంచి ఈ నెల రావలసిన పిలుపు రాలేదు. వస్తుందో రాదో తెలీదు. తల్లీకూతుళ్ళు దాని గురించి మాట్లాడుకోలేదు. రాత్రి హేమ తల్లి ఒళ్ళో తలపెట్టుకుని పడుకుంది. అంత పొడుగు పిల్ల ఆ అరుగు మీద ఎలా సరిపోయిందో.

అమావాస్య

వంతు చింతగుంటలంకకి మారింది. వాళ్ళ మనిషి రేవులో చెవి అందుకుని, నలుగురికీ చూపించి, పడవెక్కాడు. వరహాలమ్మ గారు లాకు తలుపులెత్తే వేళయిందని అప్పటికే వెళ్ళిపోయింది. ఆవిడకి చెప్పి వెళ్దామని లాకు దాకా నడిచాను. చెయ్యి గొలుసు మీద ఉంది, నీటి వైపు చూస్తోంది. పలకరిస్తే లెక్క తప్పుతుందని పలకరించలేదు.

మధ్యాహ్నం పిట్టలంక మీదుగా మెట్టకి పోయే పడవెక్కాను. నిండా జనం. పడవ కదలబోతుండగా విశ్వంభరం గారు వచ్చారు. ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో చెప్పులు. ఆయన్ని వెనక్కి పిలిచారని, ఆయన చోట్లోకి వేరే ఆయన పొద్దున్నే దిగాడని రేవులో అనుకున్నారు. కూర్చోడానికి ఎక్కడా చోటు లేదు. నేను నా బుట్ట తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన కూర్చున్నారు.